మూలవాసీ ఉద్యమం అధికారానికి ఎలా చేరిందో అధ్యయనం చేయడం ఎలా?

ఏటా ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం దగ్గరపడేసరికి హైదరాబాద్‌లోని కాలేజీల్లో, హాస్టళ్లలో వ్యాసరచన పోటీల సందడి మొదలవుతుంది. దిద్దడానికి నా చేతికి వచ్చే కాగితాల్లో ఎక్కువ భాగం ఒకే దారిలో నడుస్తాయి. మొదటి పేరాలో బిర్సా ముండా, రెండో పేరాలో కొమురం భీం ఉంటారు. మూడో పేరాలో ఒక్క గంతుతో దక్షిణ అమెరికాలోని బొలీవియా చేరి, అక్కడ 2005 అధ్యక్ష ఎన్నికల్లో ఐమారా మూలవాసి, కోకా రైతు సంఘాల నాయకుడు ఎవో మొరాలెస్ గెలుపును చెప్పి, ఆ వెంటనే ముగించేస్తారు. గెలిచిన రోజు వారికి తెలుసు. ఆ రోజుకు ముందు ఏ సంఘం, ఎవరిని, ఏ పేరు మీద, ఏ ఊరి ఎన్నికల్లో నిలబెట్టిందో తెలియదు. నా దృష్టిలో అసలు కథంతా ఆ రెండో భాగంలోనే ఉంది. నాలుగైదు ఆదివారాలు, ఒక లావుపాటి నోటుబుక్కు కేటాయించగలిగినవారు ఆ భాగాన్ని ఎలా తవ్వి తీయవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను.

మాటతో మొదలుపెట్టండి. ఇంగ్లీషువారు 'ఇండిజినస్' అనే మాటకు తెలుగులో ఎవరికి తోచిన పదం వారు వాడుతున్నారు. 'దేశీయ' అని రాస్తే స్వదేశీ ఉద్యమం గుర్తుకొస్తుంది, 'గిరిజన' అంటే కొండల్లో ఉండేవారికే పరిమితమవుతుంది, 'షెడ్యూల్డు తెగ' అనేది రాజ్యాంగ జాబితాకు సంబంధించిన మాట. నేను బయటి దేశాల సందర్భంలో 'మూలవాసి' అనీ, మన దేశంలో 'ఆదివాసి' అనీ వాడతాను. మీరు వేరేవి ఎంచుకున్నా అభ్యంతరం లేదు, కానీ ఎంచుకున్న కారణాన్ని మొదటి పేజీలోనే రాసుకోండి. ఇది పండితుల గొడవ కాదు. బొలీవియాలో 1952 విప్లవం తర్వాత ప్రభుత్వం 'ఇండియన్' అనే మాటను అవమానకరమని పక్కనపెట్టి, అక్కడి ప్రధాన మూలవాసీ సమూహాలైన ఐమారా, కెచువా జనాన్ని 'కాంపెసీనో', అంటే రైతులు, అని పిలవడం మొదలుపెట్టింది. అది గౌరవంలాగే కనిపించినా, దాంతో వారి భాష, గతం, సమూహ జీవనం ప్రభుత్వ కాగితాల నుంచి మాయమయ్యాయి. 1781 నాటి ఐమారా తిరుగుబాటు నాయకుడు తూపాక్ కటారి పేరు మీద 1970లలో తలెత్తిన కటారీ వాదులు 'మేము రైతులమే, ఐమారాలమూ' అని రెండు గుర్తింపులనూ కలిపి పట్టుకున్నారు. 2009 రాజ్యాంగంలో మూలవాసీ, ఆదిమ, రైతాంగ ప్రజలు అనే మూడు మాటలూ విడదీయరాని ఒకే సమాసంగా కనిపించడం వెనక ఉన్నది ఈ చరిత్రే. పేరు మారిన ప్రతి సంవత్సరాన్నీ ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకుంటే, ఉద్యమం మలుపులు చాలావరకు అక్కడే దొరుకుతాయి.

తర్వాత లెక్క చూడండి. బొలీవియాలో 2001 జనాభా లెక్కల్లో 15 ఏళ్లు దాటినవారిలో 62 శాతం మంది తాము ఏదో ఒక మూలవాసీ సమూహానికి చెందినవారమని చెప్పుకున్నారు. 2012 నాటికి ఆ సంఖ్య దాదాపు 41 శాతానికి పడిపోయింది. పదకొండేళ్లలో అంతమంది మాయం కారు కదా. గుర్తింపు అనేది అడిగే ప్రశ్నను బట్టి, అడిగే కాలాన్ని బట్టి మారుతుందని దీని అర్థం. మరో దక్షిణ అమెరికా దేశం ఈక్వడార్‌లో 2010 లెక్కల్లో ఇది 7 శాతం. మన దేశంలో 2011 లెక్కల ప్రకారం షెడ్యూల్డు తెగలు 8.6 శాతం, అంటే 10 కోట్లకు పైమాటే. ఈ మూడు దేశాల అంకెలను ఒకదాని కింద ఒకటి రాసి చూడండి. పోటీ వ్యాసాలన్నీ మనల్ని బొలీవియాతో పోలుస్తాయి గానీ, లెక్క ప్రకారం మనం పోల్చుకోవలసింది ఈక్వడార్‌తో. సగానికి మించి ఉన్న జనం ఓటుతో రాజ్యాన్ని గెలవగలరు. పదో వంతుకు లోపు ఉన్న జనం పొత్తులతో, చట్టాలతో, కోర్టు తీర్పులతో, వీధుల్లో బలంతో నెట్టుకురావాలి. ఈ తేడాను గమనించకుండా రాసిన పోలిక ఎంత ఆవేశంగా ఉన్నా నిలవదు.

ఇక కాలక్రమం. అందరూ పాత సంవత్సరం నుంచి కొత్త సంవత్సరానికి రాస్తారు. మీరు గెలిచిన రోజు నుంచి వెనక్కి నడవండి. ముందు నుంచి రాస్తే ప్రతి తిరుగుబాటూ తర్వాతి గెలుపుకు మెట్టులాగే కనిపిస్తుంది, అది భ్రమ. వెనక్కి నడిస్తే ప్రతి అడుగు దగ్గరా 'దీనికి ముందు ఏది లేకపోతే ఇది జరిగేది కాదు?' అని అడగక తప్పదు. బొలీవియా మీద నా నోటుబుక్కులో ఉన్నది ఈ క్రమమే.

2005 డిసెంబరు 18న మొరాలెస్‌కు 53.7 శాతం ఓట్లు వచ్చాయి. దానికి ముందు ఏముంది? 2003 అక్టోబరులో సహజవాయువును చిలీ రేవు మీదుగా ఎగుమతి చేయాలన్న పథకానికి వ్యతిరేకంగా లా పాజ్ నగరాన్ని ఆనుకుని ఉన్న ఎల్ ఆల్టో పట్టణం లేచింది, అరవై మందికి పైగా చనిపోయారు, అధ్యక్షుడు సాంచెజ్ దె లోసాదా దేశం వదిలి పోయాడు. దానికి ముందు 2000లో కోచబాంబ నగరంలో నీటి సరఫరాను ఒక ప్రైవేటు కంపెనీల కూటమికి అప్పగించి చార్జీలు పెంచితే, జనం వీధుల్లోకి వచ్చి ఆ ఒప్పందాన్నే రద్దు చేయించారు. దానికి ముందు 1994 నాటి ప్రజా భాగస్వామ్య చట్టం ఉంది. ఇది జాతీయ పన్నుల రాబడిలో 20 శాతాన్ని మునిసిపాలిటీలకు మళ్లించి, అంతకుముందు స్థానిక ప్రభుత్వమే ఎరుగని పల్లె ప్రాంతాలను మూడు వందలకు పైగా మునిసిపాలిటీల కిందికి తెచ్చింది. 1980ల నడుమ మన దగ్గర మండలాలు ఏర్పడ్డప్పుడు కొత్త తరం నాయకులు ఎలా పుట్టుకొచ్చారో చూసిన పెద్దలకు దీని ప్రభావం వేరే చెప్పనక్కర్లేదు. దానికి ముందు 1985లో ప్రభుత్వ తగరపు గనులు మూతపడి, ఇరవై వేలకు పైగా కార్మికులు ఉపాధి పోగొట్టుకుని, కొందరు ఎల్ ఆల్టోకు, కొందరు కోకా ఆకు పండే చపారే ప్రాంతానికి వలస వెళ్లారు. గని కార్మికులు తమ వెంట సంఘం నడిపే క్రమశిక్షణను కూడా తీసుకువెళ్లారు. దానికి ముందు 1979లో గ్రామీణ శ్రామికుల ఏకీకృత సమాఖ్య ఏర్పడింది. ఇంకా వెనక్కి వెళితే 1952, అప్పుడే చదువురాని వారికి ఓటు హక్కు వచ్చింది. అట్టడుగున 1781, తూపాక్ కటారి, బార్తోలినా సీసా నాయకత్వంలో ఐమారా సైన్యం లా పాజ్ నగరాన్ని నెలల తరబడి ముట్టడించిన సంవత్సరం.

ఈ పేజీ పూర్తయ్యాక 1985 దగ్గర కాసేపు ఆగండి. గనులు మూసినవారు ఉద్యమాన్ని పెంచాలనుకోలేదు, విరిచేయాలనుకున్నారు. 1994 చట్టం తెచ్చిన ప్రభుత్వానికి అధ్యక్షుడు సాంచెజ్ దె లోసాదాయే; తొమ్మిదేళ్ల తర్వాత దేశం వదలవలసి వచ్చింది ఆయనే. వెనక్కి నడిస్తే ఇలాంటివి కంటపడతాయి.

పార్టీ పేరు దగ్గర మేము చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. ఆదివారాలు కూర్చునే మా చిన్న గుంపులో మొదటిసారి దీన్ని చదివినప్పుడు, మొరాలెస్ గెలిచిన 'సోషలిజం వైపు ఉద్యమం' అనే పార్టీని కోకా రైతులే స్థాపించారని నేను చార్టు మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాను. రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన చూసి, "రిజిస్టర్లో ఎవరి పేరు మీద ఉందో చూశారా బాబూ?" అని అడిగారు. చూడలేదు. తీరా చూస్తే, సంఘాలు 1995లో ఎన్నికల్లో దిగడానికి 'రాజకీయ సాధనం' అనే సొంత వేదికను ఏర్పాటు చేసుకున్నాయి గానీ, దాన్ని పార్టీగా నమోదు చేయడానికి ఎన్నికల అధికారులు ఒప్పుకోలేదు. 1995 మునిసిపల్ ఎన్నికల్లోనూ, మొరాలెస్‌తో కలిపి నలుగురు పార్లమెంటుకు వెళ్లిన 1997లోనూ వారు 'ఐక్య వామపక్షం' అనే మరో పార్టీ పేరు మీద పోటీ చేశారు. 1999 నాటికి, మితవాద ఫలాంజిస్టు పార్టీ నుంచి చీలిపోయి దాదాపు కాగితం మీదే మిగిలిన ఒక చిన్న పార్టీ పేరునూ, దాని నీలం, నలుపు, తెలుపు రంగులనూ యథాతథంగా తీసుకున్నారు. అద్దె ఇంటి బోర్డు మార్చకుండా కాపురం పెట్టినట్లు. ఆ చార్టును ఆ సాయంత్రమే చింపేశాను. అప్పటి నుంచి ఏ దేశం ఉద్యమాన్ని చదివినా, పార్టీ చరిత్రకు ముందు దాని రిజిస్ట్రేషన్ చరిత్రను అడుగుతున్నాను.

ఎన్నికల నియమాలకు ఒక పేజీ విడిగా కేటాయించండి. ఆ రోజుల్లో బొలీవియాలో ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరిలో ఒకరిని పార్లమెంటే ఎన్నుకునేది. 2002లో సాంచెజ్ దె లోసాదాకు 22.46 శాతం, మొరాలెస్‌కు 20.94 శాతం వచ్చాయి. పార్లమెంటు మొదటివాడినే కూర్చోబెట్టింది. అంటే పొత్తు లేని ఉద్యమానికి రెండో స్థానం వచ్చినా, స్వల్ప ఆధిక్యంతో మొదటి స్థానం వచ్చినా అధికారానికి హామీ లేదు. సగం గీత దాటాల్సిందే. 1982లో పౌర పాలన తిరిగి వచ్చాక ఆ గీతను ఒంటరిగా దాటిన మొదటి అభ్యర్థి మొరాలెసే. ఈ నియమం తెలియకపోతే 53.7 అనే అంకె ఎందుకంత సంచలనమైందో అర్థం కాదు. అలాగే 1997లో మొదటిసారి అమలైన ఏకసభ్య నియోజకవర్గాలు (ఒక్కో చోటి నుంచి ఒక్కరినే ఎన్నుకునేవి) లేకపోతే, దేశమంతటా పలుచగా, చపారేలో మాత్రం చిక్కగా ఉన్న కోకా సంఘాల ఓటు పార్లమెంటు దాకా చేరడం కష్టమయ్యేది.

గెలవని ఉద్యమాలను కూడా చదవాలి. ఈక్వడార్‌లో మూలవాసుల సమాఖ్య కొనాయె 1986లో ఏర్పడి, 1990 జూన్‌లో దేశమంతటా రహదారులను స్తంభింపజేసింది. ఆ సమాఖ్యకు అనుబంధంగా 1995లో పచకుతిక్ పార్టీ వచ్చింది. 2000 జనవరిలో కొందరు సైనికాధికారులతో కలిసి అధ్యక్షుడు మహువాద్‌ను దింపేశారు, కానీ అధికారం చేతికి అందీ అందకుండానే జారిపోయింది. ఆనాటి సైనికాధికారుల్లో ఒకడైన లూసియో గుతియెరెస్ 2002లో అధ్యక్షుడిగా గెలవడానికి తోడ్పడ్డారు, నీనా పకారి విదేశాంగ మంత్రిగా, లూయిస్ మాకస్ వ్యవసాయ మంత్రిగా ప్రమాణం చేశారు, ఏడు నెలలు తిరక్కుండానే పొత్తు చెడింది. 2006లో అదే మాకస్ అధ్యక్ష పదవికి నిలబడితే 2 శాతం చుట్టూనే ఆగిపోయారు. ప్రభుత్వాలను కూల్చగల బలం, ప్రభుత్వాన్ని నడపగల బలం రెండూ వేర్వేరని తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు కనిపించలేదు. పదిహేనేళ్లకు, 2021లో, యాకు పెరెజ్ 19 శాతం పైచిలుకుతో స్వల్ప తేడాలో తుది పోటీకి దూరమయ్యారు. దీనికి పక్కనే మెక్సికో చియాపస్‌లోని జపతిస్తాలను పెట్టుకోండి. 1994 జనవరి 1న ఆయుధాలతో వచ్చినా, రాజ్యాధికారమే తమకు అక్కర్లేదని, తమ గ్రామాలను తామే పాలించుకుంటామని దారి మార్చుకున్నవారు వారు. అధికారం కోరనివారిని 'ఓడిపోయినవారు' అని రాయకండి.

ఇప్పుడు మన దేశం. ఇక్కడ 'జాతీయ అధికారం' అనే మాటను విప్పి చూడాలి. లోక్‌సభలో 543 స్థానాలకు 47 షెడ్యూల్డు తెగలకు కేటాయించినవే, కానీ ఆ 47 మందీ వేర్వేరు పార్టీల టికెట్ల మీద వచ్చి ఆయా పార్టీల విప్‌కు లోబడి ఓటు వేస్తారు. 2022 జూలై 25న సంతాల్ సమాజానికి చెందిన ద్రౌపది ముర్ము రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. ఒక సమాజానికి చెందిన వ్యక్తి అత్యున్నత పదవికి చేరడం ఒక ప్రశ్న, ఆ సమాజపు ఉద్యమం తన సొంత సంస్థతో అధికారానికి చేరడం మరో ప్రశ్న. రెండింటికీ విలువ ఉంది, రెండింటినీ ఒకే గడిలో రాయకూడదు. బొలీవియాలోనూ 1993లో ఐమారా నాయకుడు విక్టర్ ఉగో కార్దెనాస్ ఉపాధ్యక్షుడయ్యాడు. ఆయన సాంచెజ్ దె లోసాదా జోడీగా వచ్చినవాడు. నోటుబుక్కులో 'పదవి', 'సంస్థ', 'చట్టం' అని మూడు నిలువు గడులు గీస్తే ఈ గందరగోళం చాలావరకు తీరిపోతుంది.

ఆ గడుల్లో జార్ఖండ్‌ను నింపి చూడండి. 1928 ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన హాకీ జట్టుకు కెప్టెన్ అయిన జైపాల్ సింగ్ ముండా 1939లో ఆదివాసీ మహాసభ నాయకత్వం చేపట్టి, తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసుల గొంతు అయ్యారు. ఆయన జార్ఖండ్ పార్టీ 1952లో బీహార్ శాసనసభలో ప్రధాన ప్రతిపక్షంగా నిలిచి, 1963లో కాంగ్రెస్‌లో విలీనమైంది. సంస్థ గడి అక్కడ ఖాళీ అయిపోయింది. 1970ల తొలినాళ్లలో శిబు సోరెన్, బినోద్ బిహారీ మహతో, ఎ.కె. రాయ్ కలిసి జార్ఖండ్ ముక్తి మోర్చాను నిర్మించాక అది మళ్లీ నిండింది, 2000 నవంబరు 15న, బిర్సా జయంతి నాడు, రాష్ట్రం వచ్చింది. అంటే విలీనమై మూసుకుపోయిన దారిని తెరవడానికి దాదాపు నాలుగు దశాబ్దాలు పట్టింది. చట్టం గడిలోనేమో 1908 నాటి ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం, షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చిన 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఉంటాయి. 8.6 శాతం ఉన్న జనం దేశం మీద వేసిన ముద్ర ఎక్కువగా ఈ గడిలోనే ఉందని నా అభిప్రాయం.

తెలంగాణ పేజీకి హైదరాబాద్‌లోనే కావలసినంత సామగ్రి ఉంది. మాసబ్ ట్యాంక్‌లోని నెహ్రూ శతజయంతి గిరిజన మ్యూజియంతో మొదలుపెట్టవచ్చు. అక్కడ ఆభరణాలు, వాద్యాలు చూసి ఊరుకోకుండా, ప్రతి వస్తువు కింద రాసిన తెగ పేరును నోటుబుక్కులో ఎక్కించుకుంటే గోండు, కోలాం, కోయ, చెంచు, లంబాడా అనేవి ఒకే ముద్ద కాదని తెలుస్తుంది. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు దస్తావేజులు ఉన్నాయి. ఉర్దూ చదివే మిత్రుణ్ణి వెంటబెట్టుకుని, అనుమతి సంగతి ముందే కనుక్కుని వెళ్లండి. బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పాత పత్రికలు దొరుకుతాయి. స్పానిష్ పత్రాల్లో సందేహం వస్తే తార్నాకలోనే ఉన్న ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం విద్యార్థులు ఒక చాయ్ ఖర్చుకు పేరా అనువదించి పెట్టిన అనుభవం నాకుంది.

ట్యాంక్‌బండ్ మీద కొమురం భీం విగ్రహం ముందు ఫొటో దిగేవారు చాలామంది ఉన్నారు, తేదీ సరిచూసుకునేవారు తక్కువ. ఆయన 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల కాల్పుల్లో మరణించారు. జోడేఘాట్‌లో వర్ధంతిని ఆశ్వయుజ పౌర్ణమి నాడు జరుపుతారు కాబట్టి ఇంగ్లీషు తేదీ ఏటా మారుతుంది. అందువల్ల మీ కాలక్రమంలో తేదీ పక్కన తిథికి కూడా చోటు ఉంచండి. జనం జ్ఞాపకం పంచాంగాన్ని బట్టి నడిచే చోట కేలండరు తేదీని మాత్రమే రాస్తే వారి చరిత్రను మన ఆఫీసు చరిత్రగా మార్చినట్లవుతుంది. భీం మరణానంతరం నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను గోండుల పరిస్థితిని పరిశీలించడానికి నియమించడం, పట్టాలు, మార్లవాయి బడి, స్వాతంత్ర్యం తర్వాత ఆదివాసుల భూమి ఇతరుల చేతికి పోకుండా తెచ్చిన 1959 నాటి భూ బదలాయింపు నిబంధన, దాన్ని బిగించిన 1970 నాటి సవరణ, జనం నోట్లో 'వన్ ఆఫ్ సెవెంటీ'గా నిలిచినది, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద పోలీసు కాల్పులు, షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రైవేటు గనుల లీజులను అడ్డుకున్న 1997 నాటి సుప్రీంకోర్టు సమత తీర్పు, ఇవన్నీ వరుసగా రాస్తే చట్టం గడి నిండుతుంది. శాసనసభలో 119కి 12 స్థానాలు షెడ్యూల్డు తెగలకు ఉన్నాయి కాబట్టి పదవి గడి కూడా ఖాళీగా ఉండదు. సంస్థ గడి దగ్గర మాత్రం చెయ్యి ఆగుతుంది. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది: 1976లో షెడ్యూల్డు తెగల జాబితాలో చేరిన లంబాడాలను తొలగించాలని ఆదివాసీ సంఘాలు, అది అన్యాయమని లంబాడా సంఘాలు వాదిస్తున్నాయి. దీన్ని దాటవేయవద్దు, తీర్పూ చెప్పవద్దు; రెండు పక్షాల వాదాన్నీ వారి మాటల్లోనే రాయండి.

ప్రమాణ స్వీకారంతో వ్యాసం ఆపేయడం అందరూ చేసే తప్పు. 2006 తర్వాత బొలీవియాలో జరిగిన దానికి కనీసం నాలుగు పేజీలు ఉంచండి. 2006 మే 1న సహజవాయు రంగం జాతీయీకరణ, 2009 జనవరిలో 61 శాతం ఆమోదంతో కొత్త రాజ్యాంగం, స్పానిష్‌తో పాటు 36 మూలవాసీ భాషలకు అధికార హోదా, దిగువ సభలోని 130 స్థానాల్లో 7 మూలవాసులకు ప్రత్యేకం. ఆపైన 2011లో తిప్నిస్ అడవి గుండా రోడ్డు వేయాలని అదే ప్రభుత్వం పట్టుబట్టితే, అడవిలోని మూలవాసులు లా పాజ్‌కు పాదయాత్రగా బయలుదేరారు, సెప్టెంబరు 25న పోలీసులు వారి మీద విరుచుకుపడ్డారు. ఎత్తైన పీఠభూమి ఐమారాలు, చపారే కోకా రైతులు, పల్లపు అడవుల చిన్న తెగలు అందరూ 'మూలవాసులే' అయినా అందరి ప్రయోజనం ఒకటి కాదని ఆ రోజు బయటపడింది. 2016లో మరోసారి పోటీకి అనుమతి కోరిన రిఫరెండంలో మొరాలెస్ ఓడిపోయారు, అయినా కోర్టు తీర్పుతో పోటీ చేశారు, 2019 నవంబరు 10న రాజీనామా చేసి దేశం విడిచారు. 2020లో అదే పార్టీ లూయిస్ ఆర్సేతో 55 శాతం ఓట్లతో తిరిగి వచ్చింది. తర్వాత ఆర్సే, మొరాలెస్ వర్గాల పోరు, డాలర్ల కొరత, పెట్రోలు క్యూలు. 2025లో ఆ పార్టీ అభ్యర్థికి దక్కినవి 3 శాతం చిల్లర ఓట్లు; మొరాలెస్ పిలుపు మేరకు చెల్లని ఓట్లు మాత్రం దాదాపు ఐదో వంతు పడ్డాయి. ఈ రెండు అంకెలను పక్కపక్కనే రాయండి.

హాస్టళ్లలో ఉట్నూరు, భద్రాచలం, పాడేరు వైపు నుంచి వచ్చిన విద్యార్థులు ఉంటే వారితో మాట్లాడండి. అయితే "మీ తెగ వాళ్లు ఏమనుకుంటారు?" అని ఒక్కరి నెత్తిన అందరి భారం పెట్టవద్దు. "మీ ఊళ్లో గ్రామసభ ఎక్కడ కూర్చుంటుంది? తీర్మానం ఎవరు రాస్తారు?" అని అడిగితే పని జరిగే తీరు బయటికి వస్తుంది. చెప్పినవారి పేరు రాసే ముందు వారి అనుమతి తీసుకోండి.

చివరగా చిత్తుప్రతిని చేతిలో పట్టుకుని, నాయకుల పేర్లన్నిటినీ పెన్సిల్‌తో కొట్టేసి చదవండి. మొరాలెస్, మాకస్, జైపాల్ సింగ్, సోరెన్, అందరినీ. మిగిలిన వాక్యాల్లో కర్త స్థానంలో ఏ సంఘం, ఏ సమాఖ్య, ఏ గ్రామసభ పేరు పెట్టాలో మీకు తెలిస్తే చిత్తును సాపు చేయవచ్చు. ఖాళీలు మూడుకు మించితే నోటుబుక్కు తెరిచి సంస్థ గడి దగ్గరికి వెళ్లండి.